బాపమ్మ మంచం, నా కడుపుమంట

మొన్న మా కోడలు కవిత సంచిలోంచి కొత్త నేత చీర తీసి మడత విప్పగానే గదినిండా గంజి వాసన కమ్ముకుంది. ఇప్పటి గంజిలో ఏమేం కలుపుతారో నాకు తెలియదు గాని, ఆ అడుగున ఎక్కడో పిండి ఉడికి, చల్లారి, కాస్త పులిసి, నూలులోకి ఇంకినప్పటి పాత వాసన ఉంది. ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నానో లేదో, వరంగల్లులో మా నేతవాళ్ళ వాడ, వాడ పొడుగునా చాపిన నిలువు దారాల తెల్లటి పడుగు, దానికి అటూ ఇటూ కుంచెలు పట్టుకుని నడిచే మగవాళ్ళు, కుండల్లో గంజి మోసుకొచ్చే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య నిద్రలేని కళ్ళతో గబగబా నడిచే మా అమ్మ, అందరూ వచ్చేశారు. వాళ్ళతోపాటు నా కడుపుమంట కూడా వచ్చింది. పెద్దవయసులో చిన్ననాటి సంగతులు తలచుకుంటే కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

నేను చెప్పేది నిజాం పాలన నాటి మాట. ఎక్కడో దూరదేశాల్లో యుద్ధం జరుగుతోందని, అందుకే నూలు దొరకడం లేదని పెద్దవాళ్ళు అనుకునేవారు. మా వాడకు తెల్లవారేది మిల్లు కూతతో. ఆ కూత వినగానే ఇంటింటా మగ్గం గుంటల్లోకి కాళ్ళు దిగేవి, నాడెలు టకటకమంటూ అటూ ఇటూ పరుగెత్తేవి, ఆడవాళ్ళు అరుగుల మీద రాట్నాలు పెట్టుకుని కండెలకు నూలు చుడుతూ ఒకరి కష్టసుఖాలు ఒకరికి చెప్పుకునేవారు. ఎండాకాలం మొదట్లో వేపపువ్వు రాలి దారాల మధ్య చిక్కుకుంటే ఏరడానికి మమ్మల్ని పిలిచేవారు, వానకాలం ఇంట్లోనే ఆరేసిన నూలు చిలపల కింద నుంచి వంగి వంగి నడిచేవాళ్ళం, చలికాలం పొద్దున పొయ్యి ముందు గొంతుక్కూర్చుని వేడి జొన్నరొట్టె మీద ఎల్లిపాయ కారం పూసుకుని తింటూ కళ్ళవెంట ముక్కువెంట నీళ్ళు కార్చుకునేవాళ్ళం. మధ్యాహ్నాలు గచ్చకాయలు ఆడేవాళ్ళం. ఆటలో నేను ఓడిపోతే గచ్చకాయలు కాలితో చిమ్మేదాన్ని కనుక, నాతో ఆడడానికి ఎవరూ పెద్దగా ఇష్టపడేవారు కాదు.

వాడలో ఒక పద్ధతి ఉండేది. పడుగుకు గంజి పెట్టడం ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. పొద్దు ఎక్కకముందే దారాలన్నీ వీధిలో బిగించి చాపాలి, గంజి పట్టించాలి, దారానికి దారం అంటుకోకుండా ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. అందుకని ఇవాళ మా పడుగుకు పక్కింటివాళ్ళు వస్తే, వాళ్ళ పడుగునాడు మేం పోవాలి. దాన్ని బదులు పోవడం అనేవాళ్ళం. కూలి మాట లేదు, మనిషికి మనిషి, అంతే. బదులు పోని ఇంటికి వాడలో మంచినీళ్ళు కూడా పుట్టవు.

మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో బాపు మగ్గం. మా వైపు తండ్రిని బాపు అంటాం, తండ్రి తల్లిని బాపమ్మ అంటాం. ఆ మగ్గం పక్కనే గోడవారగా బాపమ్మ నులకమంచం. మంచాన పడకముందు బాపమ్మది వాడలోకెల్లా పెద్ద నోరు. దారం తెగితే తిట్టేది, తెగకపోతే నెమ్మదిగా నేస్తున్నావని తిట్టేది, మా అమ్మ వండిన పప్పులో ఉప్పు తక్కువైందని ఊరంతా చాటేది. అలాంటి మనిషి ఒక కార్తీకమాసం పొద్దున రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో పడిపోయింది, నోరు ఒక పక్కకు పోయింది. బండిమీద దవాఖానకు తీసుకుపోతే, పక్షవాతమని చెప్పి ఒక సీసా మందిచ్చి, ఇక చేసేదేమున్నా ఇంట్లోనే చెయ్యాలని పంపేశారు. ఇంట్లో అంటే ఎవరు? బాపు మగ్గం దిగితే పూట గడవదు. నేను చిన్నదాన్ని, తమ్ముడు రాములు చంకబిడ్డ. మిగిలింది మా అమ్మ నర్సమ్మే.

అప్పటిదాకా అమ్మ నాది. తమ్ముడు పుట్టినప్పుడు సగం పోయింది, బాపమ్మ మంచాన పడ్డాక మిగిలిన సగమూ పోయింది. తెల్లవారి లేస్తే బాపమ్మ ముఖం కడగాలి, పక్కబట్టలు మార్చాలి, ఆముదం వెచ్చచేసి చెయ్యీ కాలూ మర్దన చెయ్యాలి, అంబలి తాగించాలి, ఒక పక్కనే పడుకుంటే పుండ్లు పడతాయని మాటిమాటికీ ఇటునుంచి అటు తిప్పాలి. ఆ వెచ్చటి ఆముదం వాసన వస్తే నేను ముక్కు మూసుకుని అరుగు మీదికి పోయేదాన్ని. నాకు తలంటి ఎన్నాళ్ళయిందో అమ్మకు గుర్తే లేదు, బాపమ్మ నెరిసిన జుట్టు మాత్రం రోజూ చిక్కుతీసి జడ వేసేది. నా జడ నేనే వేసుకునేదాన్ని, అది నడినెత్తిన ఒకటి, మెడ దగ్గర ఒకటి అన్నట్టు వంకరగా పోయేది. పండగనాడు పోలెలు, అదే బొబ్బట్లు, కాలిస్తే మొదటిది, నెయ్యి ఎక్కువ పడ్డది, చిన్న చిన్న ముక్కలు చేసి బాపమ్మ నోట్లో పెట్టేది. నేను గుమ్మానికి ఆనుకుని ఆ ముక్కలన్నీ ఉత్తనోటితోనే నమిలేదాన్ని. ఒక నాడు నాకూ పక్షవాతం వచ్చిందని చెప్పి కుడికాలు ఈడ్చుకుంటూ నడిచాను. అమ్మ చూడనేలేదు, బాపు చూసి తొడపాశం పెట్టాడు.

అన్నిటికంటే నేను ఓర్వలేకపోయింది వాళ్ళ మాట. బాపమ్మ నోరు పడిపోయాక ఏం మాట్లాడినా గుటకలు మింగినట్టు, నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉండేది. బాపుకు అర్థమయ్యేది కాదు, చూడవచ్చిన చుట్టాలకు అసలే కాదు. ఒక్క మా అమ్మకే తెలిసేది. బాపమ్మ ఏదో గులగులమంటే అమ్మ దుప్పటి కప్పేది, ఇంకేదో అంటే తలుపు ఓరగా వేసేది, మరొకటి అంటే ఇద్దరూ నవ్వుకునేవారు. జీవితమంతా కోడల్ని తిట్టిన మనిషికీ, జీవితమంతా తిట్లు తిన్న మనిషికీ మధ్య ఎవరికీ తెలియని భాష పుట్టింది. అందులో నాకు చోటు లేదు. అందుకని మగ్గం కింద గుంట పక్కన కండెల బుట్ట పెట్టుకుని, ఆడుకుంటున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టాను. బాపమ్మ ఏమంది, అమ్మ ఏం చేసింది, దానికి దీనికి ముడిపెట్టుకునేదాన్ని. మాట మొదట్లో ఉండే అక్షరం మింగేస్తుందని, మధ్యలో సాగదీస్తుందని కొన్నాళ్ళకు పట్టేశాను. అటు తర్వాత అన్నీ తెలిసేవి. తెలిసిందని ఎవరికీ చెప్పలేదు. దొంగచాటుగా వినడంలో ఉన్న రుచి చెబితే పోతుంది కదా!

అలా ఏళ్ళు గడిచాయి. అమ్మ మారిపోయింది. అరుగు మీద రాట్నం పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళలోకి వెళ్ళడం మానేసింది, ఇంట్లో చీకటి మూలన కూర్చుని కండెలు చుట్టుకునేది. నవ్వడం తగ్గింది, చిన్నదానికి పెద్దదానికి నా వీపు విమానం మోత మోగించేది, కొట్టి మళ్ళీ తనే గోడవైపు తిరిగి కూర్చునేది. తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని కునికేది. బతుకమ్మ పండగ వస్తే అమ్మ ముఖం చూడాలనిపించేది కాదు. అత్తగారిళ్ళలో ఉన్న ఆడపిల్లలంతా తల్లిగారిళ్ళకు పోయే పండగ అది. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడిపూలు పళ్ళేల్లో పేర్చుకుని వీధివెంట పోతూ ఉంటే, చేతిలో బాపమ్మ పక్కబట్టల గంప పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసేది. ఒకసారి నేను పక్కనే ఉన్నానని మరిచిపోయి తనలో తను అనుకుంది.

"వీళ్ళ కాళ్ళల్ల ముల్లు ఇరగ."

మా అమ్మ నోట ఎవరినీ శపించే మాట నేను అంతకుముందు వినలేదు. నాకు భయమేసింది, వెంటనే సంతోషం కూడా వేసింది. అమ్మకూ నాలాగే కుళ్ళు ఉంది. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఓర్వలేనిదాన్ని కాదు. తొర్రూరు నుంచి మా మేనమామ ఏటా కచ్చడం బండి కట్టుకుని చెల్లెల్ని పండక్కి తోలుకుపోవడానికి వచ్చేవాడు. ఏటా ఒక పూట ఉండి, అన్నం తిని, అమ్మ ఇచ్చిన చెంబెడు మంచినీళ్ళు తాగి, ఖాళీ బండి తోలుకుని పోయేవాడు. ఆ బండి నన్ను కూడా వదిలేసి పోయేది కనుక, ఆ కోపమూ బాపమ్మ లెక్కలోనే వేసుకునేదాన్ని.

ఇక ఆ ఏడు. బతుకమ్మ ఇంకా మొదలుకాలేదు, మబ్బు పట్టి విడిచిన భాద్రపదం రోజు. మా పడుగుకు గంజి పెట్టే నాడు. వాడ సగం మా ఇంటి ముందే ఉంది. అమ్మ తెల్లవారకముందే లేచి రెండు పొయ్యిల మీద రెండు కుండలు ఎక్కించింది. ఒక దాంట్లో పడుగుకు గంజి, పిండి చిక్కగా ఉడికించి ఆముదం చుక్క వేసినది. ఇంకొక దాంట్లో బాపమ్మకు జొన్న అంబలి, ఉప్పు వేసి సల్ల, అంటే మజ్జిగ, కలిపినది. రెండు కుండలూ ఒకే కుమ్మరి చేసినవి, రెండింటికీ పొగ ఒకేలా పట్టింది. ఏ ఇంట్లోనైనా పొరపాట్లు జరుగుతాయి గాని, ఇది మాత్రం మగ్గం ఉన్న ఇంట్లో, మంచాన మనిషి ఉన్న ఇంట్లోనే జరుగుతుంది. బయట నుంచి బాపు కేకేశాడు, లోపల తమ్ముడు ఏడుస్తున్నాడు, అమ్మ ఒక కుండలోంచి గిన్నెడు వంచి బాపమ్మ ఎడమచేతికిచ్చి, రెండో కుండ చంకన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

పక్కింటి మల్లయ్య పెదబాపు ఆ కుండలో చెయ్యి ముంచి పడుగుకు పట్టించాడు. రెండో మూరకే ఆగిపోయి వేళ్ళు వాసన చూసుకున్నాడు.

"ఏం నర్సవ్వా, పడుగుకు సల్ల తాపుతానవా?"

వీధి వీధంతా గొల్లుమంది. బాపు కూడా నవ్వాడు. అమ్మ కుండలోకి తొంగిచూసి తనూ నవ్వింది. అందరి నవ్వూ అయిపోయింది, అమ్మది ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ వీధి మధ్యలో కూలబడింది, కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు కదులుతున్నాయి, చాలాసేపటికి గాని అది ఏడుపని ఎవరికీ తెలియలేదు. పట్టుకున్న కుంచెలు పట్టుకున్నట్టే మగవాళ్ళు నిలబడిపోయారు. మల్లయ్య భార్య ఎల్లవ్వ పెద్దమ్మ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"నాతోని అయితలేదక్కా. ఇగ అయితలేదు," అంది అమ్మ.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి బాపమ్మ గట్టిగా ఒర్రడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు గుమ్మంలోకి వెళ్ళి చూస్తే గిన్నె నేలమీద దొర్లుతోంది, బాపమ్మ గడ్డం మీద, రైక మీద తెల్లటి పడుగు గంజి. కళ్ళు పెద్దవి చేసుకుని, ఎడమచెయ్యి ఊపుతూ ఏదేదో అంటోంది. అమ్మ వీధిలోంచి లేవలేదు. అంతకాలంలో బాపమ్మ పిలిస్తే అమ్మ లేవకపోవడం అదే మొదలు.

"ఏమంటాంది ముసల్ది? తిడ్తాందా?"

"ఎవలికి తెల్సు? నర్సవ్వే చెప్పాలె."

నాకు తెలుసు. ఒక్కొక్క మాటా తెలుసు. చెప్పకుండా ఉండవచ్చు, తిడుతోందని చెప్పినా ఎవరూ కాదనలేరు, ఆ నిమిషంలో బాపమ్మ నోరు నా చేతిలో ఉంది. కాని ఆమె అంటున్న మాట వినగానే నా గుండె ఎగిరి గంతేసింది. అమ్మ తొర్రూరు పోతే నన్ను తీసుకుపోతుంది కదా, అక్కడ బాపమ్మ ఉండదు కదా, అమ్మ మొత్తం నాదే కదా! అందుకని అందరి ముందుకూ వచ్చి గట్టిగా చెప్పాను.

"అది పడుగుకు పొయ్యాల్సింది నాకు పోసింది, దాని కండ్లల్ల నిద్ర లేదు, పానం లేదు, నర్సిని తొర్రూరు తోలుండ్రి అంటాంది. తల్లిగారింటికి తోలకపోతె నా కంటె ముందు అదే మంచాన పడ్తది అంటాంది."

వాడంతా నావైపు చూసింది. బాపమ్మ అరుపు ఆపేసి, ఔనన్నట్టు తల ఊపింది.

"నీకెట్ల తెల్సు బిడ్డా?" అన్నాడు బాపు.

"నాకు అన్నీ తెల్సు," అన్నాను గొప్పగా.

ఆ గొప్పే నా కొంప ముంచింది. ఎల్లవ్వ పెద్దమ్మ అమ్మను లేపి అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పడుగుకు బదులు పోతున్నాం గదా, మనిషికి బదులు పోతే మన సొమ్మేం పోతుందని మొదలుపెట్టింది. పొద్దున పక్కబట్టలు, ఒళ్ళు తుడవడం తను చూసుకుంటానంది. ఎదురింటి కోడలు పగటిపూట అన్నం తినిపిస్తానంది. మూలింటి ముసలమ్మ మర్దన తనకొదిలెయ్యమంది. అమ్మ ఒప్పుకోలేదు. అత్తను పరుల చేతుల్లో పెట్టి పండక్కి పోతే లోకం ఏమంటుందని ఏడ్చింది.

"లోకం ఎవలు పిల్లా? మేమే గదా లోకం. మేమే పొమ్మంటానం," అంది ఎల్లవ్వ పెద్దమ్మ.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. చేసేవాళ్ళున్నారు సరే, బాపమ్మ ఏమడుగుతోందో వాళ్ళకెవరు చెబుతారు? ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఎవరో గాని, జవాబు కోసం అందరూ మళ్ళీ నావైపే తిరిగారు.

నేను ఏడ్చాను. నేలమీద దొర్లాను. కాళ్ళు కొట్టుకున్నాను. నువ్వు పోతే బాపమ్మ మాట ఎవరు చెబుతారు బిడ్డా అని బాపు బతిమిలాడాడు. ఎవరైనా చెప్పుకోండి, నాకెందుకన్నాను. మేనమామ బండి వచ్చిన నాడు అమ్మ నీలం చీర కట్టుకుంది, తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోబోయింది. బాపమ్మ మంచం మీదినుంచే ఎడమచేత్తో పో పొమ్మని విదిలించింది. అమ్మ నా వంక చూసి, "బాపమ్మ పైలం," అంది, జాగ్రత్తగా చూసుకొమ్మన్నట్టు. అంతే. నువ్వు పైలం అని కూడా అనలేదు. బండి కదిలింది. వాడ మలుపు తిరిగేదాకా చూశాను, ఇప్పుడు తిరిగి చూస్తుంది, ఇప్పుడు చూస్తుంది అని. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ఒళ్ళో కూర్చున్న నా తమ్ముడి మీద ఆ రోజు నాకు కలిగిన ఈర్ష్య, తర్వాత వాడు పెద్దవాడై, తాతయ్యి, నెత్తి నెరిసినా పూర్తిగా పోలేదు.

పండగ రోజులంతా నేను దుబాసీని. ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చేవారు. దుప్పటి అడుగుతోంది, నీళ్ళు కాదు సల్ల అంటోంది, చెయ్యి అట్లా కాదు కిందినుంచి పైకి రుద్దమంటోంది అని నేను చెప్పేదాన్ని. కోపంగా ఉన్నాను గాని తప్పుగా మాత్రం చెప్పలేదు. నోరు పడిపోయినా బాపమ్మ చాడీలు తగ్గలేదు. ఎల్లవ్వకు ఇంకా పళ్ళన్నీ ఎలా ఉన్నాయో అని కుళ్ళుకుంది, ఎదురింటి కోడలు అన్నం కలిపే తీరు చూస్తే ఆకలి చస్తోందంది. అవన్నీ నేను మార్చకుండా చెబితే ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వేవారు. సాయంత్రాలు మా వాడ ఆడవాళ్ళు బతుకమ్మను సరిగ్గా మా గుమ్మం ముందే పెట్టి ఆడారు, మంచం మీదినుంచి బాపమ్మకు కనబడేటట్టు. చప్పట్లు, గాజుల చప్పుడు, పసుపు వాసన, నలిగిన గునుగుపువ్వు వాసన లోపలిదాకా వచ్చేవి. నేను ఆడనని భీష్మించుకుని మంచం పట్టె మీద కూర్చున్నాను.

"అమ్మ ఈపాటికి ఆడ్తాందా?" అన్నాను ఒకనాడు, బాపమ్మతో కాదు, గోడతో.

బాపమ్మ నావైపు ముఖం తిప్పింది. తర్వాత తన మాటల్లో నెమ్మదిగా చెప్పింది. తనను ఎన్నడూ తల్లిగారింటికి తోలలేదట. తన అత్తకు పానం బాగుండేది కాదట, తరువాత మామకట, ఆ తరువాత తన తల్లి చచ్చిపోయిందట, ఇక తల్లిగారిల్లు ఎక్కడిది? నీ తల్లి మీద నాకు కుళ్ళుగా ఉంది పోరీ, అంది. పంపినదాన్ని నేనే, అయినా కడుపులో మండుతోందంది. ఆ మాట విని నేను ఆమె ముఖంలోకి చూశాను. వంకర నోటితో నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం. ఆ మంచం మీద మేమిద్దరం ఒకే మనిషిని తలచుకుని పక్కపక్కనే కుళ్ళుకుంటున్నామని తెలిశాక, ఎందుకో నాకు ఆమె మీద మంట కొంచెం తగ్గింది. మొత్తం పోలేదు, కొంచెమే.

పండగ చివరి రోజు సద్దుల బతుకమ్మ కూడా అయిపోయాక అమ్మ వచ్చింది. కళ్ళ కింద నలుపు పోయింది, చేతులనిండా కొత్త గాజులు, బండినిండా సీతాఫలాలు, మలీదముద్దలు, నువ్వుల సత్తుపిండి. పోయిన కాడికెల్లి పండుకునుడే, మా అవ్వ లేపి తినిపిస్తే తిని మళ్ళీ పండుకున్న అని ఎల్లవ్వ పెద్దమ్మతో చెబుతూ, పాత రోజుల్లోలాగా తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వు విని బాపు మగ్గం ఆపేశాడు. నా దగ్గరికి వస్తుందని చేతులు చాపుకుని నిలబడ్డాను. అమ్మ నేరుగా బాపమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. సీతాఫలం మొదటి తొన కూడా ఆమె నోట్లోనే పెట్టింది. ఎంత మండిందో!

ఆ తర్వాతి ఏటికి నేను జాగ్రత్తపడ్డాను. బాపమ్మ మాటలన్నీ కూర్చుని వాడలో ఆడవాళ్ళకు నేర్పాను, ఎదురింటి కోడలికి, మూలింటి ముసలమ్మకు, ఆఖరికి మల్లయ్య పెదబాపుకు కూడా. ధర్మబుద్ధితో కాదు, నేనూ బండెక్కాలని. వాడంతా బాపమ్మ భాష మాట్లాడింది, ఆమె కూడా సంబరపడింది, మాట్లాడేవాళ్ళు ఎక్కువైతే తిట్టడానికి కూడా మనుషులు ఎక్కువైనట్టే కదా. నేను అమ్మతో తొర్రూరు పోయాను. అక్కడ అమ్మ పడుకునే ఉంది. లేచినప్పుడు తన తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పేలు చూపించుకుంది. నేను పక్కన కూర్చుని అమ్మమ్మ వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను. బాపమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ మా వాడలో ఆ బదులు సాగింది. తరువాత ఇంకొక ఇంట్లో మనిషి మంచాన పడితే అక్కడికి మా అమ్మ పోయింది.

ఇప్పుడు ఆ వాడ లేదు. పేరు ఉంది, ఇళ్ళు మేడలయ్యాయి, మగ్గాలు కరెంటువయ్యాయి, వీధి నిండా మోటారు సైకిళ్ళు నిలబడి ఉంటాయి. పడుగు చాపడానికి చోటూ లేదు, చాపవలసిన పనీ లేదు. పని పోయాక దానితోపాటు మనిషికి మనిషి వచ్చే పద్ధతీ పోయింది. మేం మడికొండ వైపు కొత్త అపార్ట్‌మెంటులోకి వచ్చేశాం. నాకు తుంటి ఎముక విరిగినప్పటి నుంచి నన్ను లేపేది, కడిగేది, తిప్పి పడుకోబెట్టేది కవిత. కొడుకు ఉద్యోగం మీద తిరుగుతుంటాడు. డబ్బిచ్చి పెట్టుకున్న ఆయా పండగ రోజుల్లో రాదు. మా అంతస్తులో ఎదుటి తలుపు వెనుక ఎవరున్నారో నాకు తెలియదు, కవితకూ సరిగ్గా తెలియదు.

మొన్న సాయంత్రం కింద బండ్లు నిలిపేచోట ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. పాట మైకులోంచి వస్తోంది. కవిత నా మంచం దుప్పటి మారుస్తూ బాల్కనీ దగ్గర ఆగిపోయి కిందికి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. గుమ్మంలో గంప పట్టుకుని నిలబడ్డ మా అమ్మ ముఖంలో చూశాను. వీళ్ళ కాళ్ళల్ల ముల్లు ఇరగ అని ఈ పిల్ల అనలేదు గాని, అనుకునే ఉంటుంది. అనుకుంటేనే మంచిది.

"పో బిడ్డా, ఆడుకోని రా," అన్నాను.

"మీ తాన ఎవలుంటరు అత్తమ్మా?"

"నేనున్న గదా."

కవిత నవ్వి, జడలో బంతిపువ్వు ఒకటి పెట్టుకుని, ఫోన్ నా చేతికి అందేచోట పెట్టి, నీళ్ళ సీసా పెట్టి, గుమ్మం దగ్గర ఆగి ఒకసారి, లిఫ్టు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసి వెళ్ళింది. నేను పడుకుని కింది చప్పట్లు విన్నాను. మా అమ్మ మీద నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది, ఈసారి నా కోసం కాదు, కవిత కోసం. మా అమ్మ వెనక ఒక వాడంతా ఉండేది. ఈ పిల్ల వెనక నేనొక్కదాన్నే ఉన్నాను, అదీ మంచం మీద. ఆడుకోనీ, ఇంకా కాసేపు ఆడుకోనీ అనుకున్నాను.

కింద మొదటి పాట ఇంకా అయిపోలేదు, మా అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది, వెంటనే కవిత చెప్పుల చప్పుడు ఇటువైపే వచ్చింది.